సవరల గురువు: గిడుగు రామమూర్తి పంతులు గారు

ఆంధ్రదేశానికి ఈశాన్యపు కొసన వంశధారానది ప్రవహిస్తుంది. ఆ నదీతీరాన శ్రీముఖలింగ క్షేత్రం ఉంది. దానికి సమీపంలోని పర్వతాలపేట అనే గ్రామంలో 1863 ఆగస్టు 29 వ తేదీన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జన్మించారు. నాడు ఆ ప్రాంతం గంజాం జిల్లాలో, చెన్నపట్నపు ప్రభుత్వం క్రింద ఉండేది. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు.

ఆ సీమ మూడు భాషల కూడలి. పల్లపు ఊళ్ళలో తెలుగు, ఉత్తరాన ఒరియా, కొండలమీద సవర. సంతరోజున కొండదిగి వచ్చిన సవరలు అడవి సరకు అమ్ముకొని, ఉప్పూ గుడ్డా కొనుక్కొని, మాపటికి మరల కొండ ఎక్కేవారు. వారికి తెలుగు, ఒరియా మాటలు నాలుగు వచ్చేవి. వారి భాష మాత్రం కోమటికీ రాదు, కరణానికీ రాదు, కచేరీలో కూర్చున్న దొరకూ రాదు. ధర చెప్పేదీ, అప్పు వ్రాసేదీ, తగవు విన్నవించేదీ అంతా నడుమనున్న దుబాసీయే. దుబాసీ చెప్పిందే సవర చెప్పినట్లు. భాష తెలియని కారణాన ఒక జాతి జాతి అంతా నోరున్నా మూగదై బ్రతుకుతూ ఉండేది. ఈ సంగతిని కండ్లారా చూచినవారు వేలకొలది ఉన్నారు. దానికి ఏదైనా చేయవలెనని పూనుకొన్నవారు రామమూర్తిగారు.

బాల్యం సుఖంగా గడవలేదు. తండ్రిగారికి విశాఖపట్నం జిల్లా చోడవరానికి బదిలీ అయినది. అక్కడనే 1875 లో వారు పరమపదించారు. పన్నెండేండ్ల బాలుడు ఆసరా వెదుకుకొంటూ విజయనగరం చేరి, బంధువుల ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నాడు. అక్కడ తోడి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. ఒకే తరగతిలో కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలూ తెలుగు వచనానికి కొత్తదారి తీయగలరని ఆనాడు ఎవ్వరూ ఊహించి ఉండరు. రామమూర్తిగారు 1879 లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పదిరూపాయల జీతానికి ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి వయస్సు పదునేడు. పాఠాలు చెప్పుకొంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్. ఏ., బి. ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. ఆ పాఠశాల కళాశాల కాగా, అందులోనూ అధ్యాపకులైనారు. ముప్పదేండ్లు అక్కడనే బోధించి 1911 లో విరమించారు.

చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి ముఖలింగ దేవాలయాల గోడలే గ్రంథాలైనాయి. ఆ రాళ్ళమీది పాతలిపులను గురువు లేకుండా తమంతట తామే చదువ నేర్చుకొన్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి వ్యాసాలు వ్రాశారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. ఈ శాసనపరిశ్రమ వారికి రెండు విధాల ఉపకరించింది. మొదటిది, కంటికి కనబడినదానిని కనబడినట్లే వ్రాసికొనే అలవాటు. రెండవది, పూర్వులు గద్యం వ్రాసినప్పుడు తాము మాటలాడే రూపాలనే వాడుకొనేవారన్న ఎరుక. వారి తరువాతి జీవితమంతా ఈ రెండింటిమీదనే నిలిచింది.

సవరభాష నేర్చుకోవలెనన్న సంకల్పం కలిగినప్పుడు వారి చేతిలో వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, ఆ భాషకు లిపియే లేదు. రెండు భాషలూ తెలిసిన ఒక మనిషిని తమ ఇంటనే ఉంచుకొని, అన్నంపెట్టి, దినదినమూ మాటలు అడిగి వ్రాసికొన్నారు. అది చాలక కొండలమీదికి వెళ్ళారు. సవర గూడేలలో కూర్చుండి, వారి కథలూ పాటలూ విన్నారు. పర్లాకిమిడి అగ్రహారపు బ్రాహ్మణుడు సవరల నడుమ కూర్చుండి వారి మాట వారికి తిరిగి అప్పజెప్పడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. ఇంటికి వచ్చిన సవరపిల్లలను పిల్లలుగానే చూచుకొన్నారు. ఊరిలోని వారు ఏమనుకొన్నా లెక్కపెట్టలేదు.

ఆ భాష వారికి అడుగడుగునా ఆశ్చర్యాన్ని కలిగించేదిగా ఉంది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు, ఒరియాతోనూ లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. దాని దూరపు బంధువులు బర్మాకు ఆవల, కాంబోజదేశంలో ఉన్నాయి. మాట నడుమ గొంతు ఒక్కక్షణం మూతపడి తెరచుకొనే ధ్వని అందులో ఉంది. తెలుగువాడి చెవికి అది పట్టుబడదు. తెలుగులిపిలో దానికి గుర్తూ లేదు. పులి నిన్ను పట్టుకొంటుంది అనే భావాన్ని సవర ఒకేఒక క్రియాపదంలో ఇమిడ్చి చెప్పగలడు. పులి అన్న మాట కుదించుకొనిపోయి క్రియలోనే కలిసిపోతుంది. లెక్కపెట్టడం మరొక వింత. పన్నెండువరకు లెక్కించి, పదమూడును పన్నెండుమీద ఒకటి అంటారు. అట్లాగే పందొమ్మిదివరకు పోయి, అక్కడనుండి ఇరువదులతో లెక్క సాగిస్తారు. ఈ లెక్క ఎరుగని ఉపాధ్యాయుడు సవరపిల్లవానికి పదులతో ఎక్కాలు చెప్పబోయి, పిల్లవానికి బుద్ధి లేదని తీర్మానించడం సహజం. లోపం పిల్లవానిది కాదని, అతని బుద్ధి మరొక క్రమంలో పెరిగినదని తెలియడానికి భాష తెలియవలె. రామమూర్తిగారి కృషిలోని మర్మమంతా ఇక్కడనే ఉంది.

భాష పట్టుబడగానే వారు చేసిన మొదటి పని పండితులకు వ్యాసం పంపడం కాదు. సవరపిల్లలకు వాచకాలు వ్రాయడం. పిల్లలు తరువాత నేర్వవలసిన తెలుగుకు వంతెనగా ఉంటుందని తెలుగులిపిలోనే సవరమాటలు కూర్చి పుస్తకాలు తయారు చేశారు. కథలూ పాటలూ సమకూర్చారు. తెలుగు నుండి సవరకూ, సవర నుండి తెలుగుకూ నిఘంటువులు కట్టారు. సొంత డబ్బు వెచ్చించి బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు సవరభాష నేర్పించి పంపారు. పిల్లవాడు ముందు తన భాషలో చదవడం వ్రాయడం నేర్చుకోవలె. తరువాత ఆ మెట్టుమీద నిలిచి తెలుగు నేర్చుకోవలె. దేశభాష వద్దని వారు ఏనాడూ అనలేదు. సంతలో మోసపోకుండా, కచేరీలో తన గోడు తాను చెప్పుకొనడానికి సవరకు తెలుగు కావలె. అయితే తన మాట విడిచిపెట్టితేనే తెలుగు వస్తుందనడం అన్యాయమని వారి నిశ్చయం.

ఈ సేవను గుర్తించి ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్ము తమకు వద్దని, దానితో సవరపిల్లలకు బడి పెట్టించమని కోరినట్లు పెద్దలు చెప్పుకొంటారు. 1913 లో ప్రభుత్వం వారిని బిరుదుతో గౌరవించింది. కాని కొండలు వారినుండి పుచ్చుకొన్న వెల వేరే ఉంది. ఆ అడవులు మన్యపుజ్వరానికి పుట్టినిండ్లు. జ్వరం తగిలినప్పుడల్లా క్వినైను మింగుతూ పని సాగించారు. ఆ మందు ఉధృతానికి వినికిడి పోయింది. చెవితో ధ్వనులను వేరుచేసి పట్టుకొనడమే వృత్తిగా పెట్టుకొన్న మనిషికి చెవుడు వచ్చింది. అయినా పని మానలేదు. తక్కిన జీవితమంతా ఎదుటివారిచేత కాగితంమీద వ్రాయించుకొని చదివీ, పెదవుల కదలిక చూచీ వాదప్రతివాదాలు సాగించారు.

తెలుగుదేశంలో ఎక్కువమందికి రామమూర్తిగారు వ్యావహారిక భాషోద్యమ నాయకులుగానే తెలుసు. ఆ ఉద్యమానికి మూలం మాత్రం సవరకొండలమీదనే ఉందని గ్రహించినవారు తక్కువ. 1906 లో ఉత్తరకోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా యేట్సుదొర వచ్చాడు. తెలుగు నేర్చుకొంటూ ఉండిన ఆ దొరకు, జనులు మాటలాడే తెలుగు వేరుగానూ పుస్తకాల తెలుగు వేరుగానూ ఉండడం వింతగా తోచింది. ఆయన ఎత్తిన ప్రశ్న గురజాడవారినీ, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారినీ, రామమూర్తిగారినీ ఒకచోట చేర్చింది. అప్పటికే సవరపిల్లవానికి ఇంటిభాషలో చదువు చెప్పడం వల్ల కలిగే లాభం రామమూర్తిగారికి అనుభవంలో ఉంది. తెలుగుపిల్లవాని స్థితి చూడగా అదే కథ. ఇంట్లో వస్తున్నాను అనే పిల్లవాడు బడిలో వచ్చుచున్నాను అని వ్రాయవలె, లేకుంటే తప్పు. చెప్పదలచినది చెప్పడంకన్న తప్పులు రాకుండా చూచుకొనడంలోనే వాని శక్తి అంతా వ్యయమై పోయేది. కొండమీద పరభాష చేసిన చెరుపు, మైదానంలో పాతభాష చేస్తున్నదని వారికి తోచింది.

వాదం తీవ్రమైనది. 1911 లో జయంతి రామయ్య పంతులుగారు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథికపక్షాన నిలిచారు. పాఠశాలల వ్యాసరచనలో వాడుకభాషకు 1912 ప్రాంతంలో దొరికిన అనుమతి రెండుమూడేండ్లలోనే రద్దయింది. గురజాడవారు 1914 లో తమ అసమ్మతిని సవివరంగా వ్రాసి ఇచ్చారు. మరుసటి సంవత్సరం నవంబరు 30 న కన్నుమూశారు. భారమంతా రామమూర్తిగారిమీద పడింది. 1919 లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైనారు, రామమూర్తిగారు కార్యదర్శి. మేనెలలో వీరేశలింగంగారూ గతించారు. ఆ యేడే ‘తెలుగు’ అనే మాసపత్రిక ప్రారంభించి, సుమారు ఒక సంవత్సరం నడిపారు.

రామమూర్తిగారి వాదపద్ధతి ప్రత్యేకమైనది. ఆవేశంతో కేకలు వేయరు. సాక్ష్యం చూపుతారు. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించే పండితుల పుస్తకాలను తెరచి, వారి వ్యాకరణం ప్రకారమే వారు చేసిన తప్పులను పుటలవారీగా ఎత్తి చూపేవారు. పూర్వుల వచనంలో, శాసనాలలో, వ్యాఖ్యానాలలో, వైద్యగ్రంథాలలో వ్యవహార రూపాలు ఎట్లా ఉన్నాయో ప్రమాణాలతో నిరూపించేవారు. ‘గద్య చింతామణి’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’, ‘బాలకవి శరణ్యము’ అట్టి గ్రంథాలు. ప్రాచీనకావ్యాలను కావ్యభాషతోనే చదువుకోవలెననీ, వాటిని వదులుకొనరాదనీ కూడ వారే చెప్పేవారు. సజీవమైన భాషను పాతభాషగా నటింపజేయవద్దన్నదే వారి కోరిక. 1924 లో సాహిత్య పరిషత్తు కాకినాడలో వ్యావహారికంమీది నిషేధాన్ని ఎత్తివేసింది. 1925 లో తణుకు సభలో వారు నాలుగు గంటలసేపు ప్రసంగించి ప్రతిపక్షులలో అనేకులను ఒప్పించారు. పర్లాకిమిడిలో వారి శిష్యులైన తాపీ ధర్మారావుగారు ఆ భాషను పత్రికలలోనికి తీసికొనివెళ్ళారు.

తెలుగు రణరంగంలో ఇంత సంరంభంగా ఉన్న దినాలలోనూ సవరపని ఆగలేదు. చెవులు వినబడకపోయినా పాత కాగితాలను మరల మరల సరిచూచారు. కుమారులు సీతాపతిగారు తండ్రికి తోడైనారు. దాదాపు నలుబదేండ్ల పరిశ్రమకు ఫలంగా 1931 లో చెన్నపట్నపు ప్రభుత్వం వారి సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించింది. 1933 లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938 లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ 1933 లోనే డెబ్బదియేండ్లు నిండిన సందర్భంలో పండితులు వ్యాససంపుటం సమర్పించి గౌరవించారు. 1934 లో కైజరీహింద్ స్వర్ణపతకం, 1938 లో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారి కళాప్రపూర్ణ బిరుదం లభించాయి.

ఇంతలో వారి బ్రతుకులో అన్నిటికన్న కఠినమైన ఘట్టం వచ్చింది. ఒరియావారు చిరకాలంగా తమకొక రాష్ట్రం కావలెనని ఆందోళన చేస్తూ ఉండేవారు. చెన్నపట్నపు పాలనలో తమ భాషకు చోటు చాలడంలేదన్న వారి బాధలో న్యాయం లేకపోలేదు. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతిగారు ఆ ఆందోళనకు అండగా నిలిచారు. 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణమూ, జమీందారీలో కొంతభాగమూ అందులో చేరాయి. తెలుగువారు మెండుగా ఉన్న ఆ పట్టణం తెలుగు అల్పసంఖ్యాక భాషగా ఉండే రాష్ట్రంలో భాగమైపోయింది. ఈ ఏర్పాటును రామమూర్తిగారు గట్టిగా ప్రతిఘటించారు. ఫలితం లేకపోయింది. ఏబదియారేండ్లు కాపురమున్న ఊరిని, పాఠాలు చెప్పిన బడిని, కట్టుకొన్న ఇంటిని విడిచి, రాష్ట్రం ఏర్పడిన ఆ దినమే పర్లాకిమిడి నుండి బయలుదేరి రాజమహేంద్రవరం చేరి అక్కడ స్థిరపడ్డారు. అప్పటికి వయస్సు డెబ్బదిరెండు.

ఆ ప్రయాణంలో రామమూర్తిగారు వెనుక వదలివచ్చినది ఇల్లు ఒక్కటే కాదు. ఏ సవరలకోసం ఆరోగ్యం పోగొట్టుకొన్నారో ఆ సవరకొండలూ రెండు రాష్ట్రాలమధ్య చీలిపోయాయి. ఒక కొండకు ఇవతల ఉన్న సవరపిల్లవాడు తెలుగు నేర్వవలె. అవతల ఉన్న పిల్లవాడు ఒరియా నేర్వవలె. సవరభాషకు మాత్రం ఇవతలా అవతలా రాజ్యం లేదు. పెద్దభాషలు హద్దులకోసం పోట్లాడుకొన్నప్పుడు చిన్నభాషను అడిగేవారు ఉండరని ఆ గీత చెప్పకనే చెప్పింది. అదే 1936 లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు ప్రత్యేకలిపిని కల్పించాడు. ఒకరి దయకొరకు చూడక, తమ మాటకు తామే గుర్తులు గీసికొనవలెనన్న తలపు ఆ జాతిలోనే పుట్టడం గమనింపదగిన విషయం.

అవసానదశలోనూ పంతులుగారికి విశ్రాంతి లేదు. 1940 జనవరి 15 న ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికాసంపాదకులను కలిసికొని, ప్రజలకు తెలిసే భాషలో వ్రాయవలసిందని చివరి విన్నపం చేశారు. మరి వారం దినాలకు, జనవరి 22 వ తేదీన దివంగతులైనారు. సీతాపతిగారు ఆ భాషాసేవను తాము జీవించి ఉన్నంతకాలం సాగించారు.

పంతులుగారు తలపెట్టిన రెండు పనులలో ఒకటి పూర్తిగా ఫలించింది. వారు కోరిన తెలుగే పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో, సభలలో స్థిరపడింది. వారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవంగా జరుగుతున్నది. రెండవపని సగమే నెరవేరింది. 2011 జనాభా లెక్కలలో సవర మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు, భాష చావలేదు. అయితే సవరపిల్లవానికి సవరలో మొదటి వాచకం ఇవ్వడమనే పని వారి తరువాత చాలకాలం మూలబడింది. 2003-04 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు అందులో సవరకూ చోటు దొరికింది. తెలుగులిపిలో సవర వాచకాలు మరల అచ్చయినాయి. రామమూర్తిగారు సొంత ఖర్చుతో చేసిన పనిని ప్రభుత్వం తన పనిగా చేపట్టడానికి సుమారు ఒక శతాబ్ది పట్టింది.

పంతులుగారు వాడుకభాషకోసం పోరాడుతున్న ఆ సంవత్సరాలలోనే తెలుగుదేశంలో గ్రంథాలయోద్యమం చిగిర్చింది. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభగా సమావేశమైనారు. ఊరూరా గ్రంథాలయం వెలిసినా, అందులోని పుస్తకం రైతుకూ కూలికీ స్త్రీలకూ అర్థం కాని భాషలో ఉంటే బీరువాకు తాళం వేసినట్లే. ఆ తాళం తీసినవారిలో అగ్రగణ్యులు రామమూర్తిగారు. నేడు గ్రామగ్రంథాలయంలో సాయంకాలం దీపం వెలుగున ఒకరు పత్రిక చదువుతూ ఉంటే నలుగురు చుట్టూ చేరి విని గ్రహించగలుగుతున్నారంటే అది వారి చలువ.

తన భాషకు గౌరవం కోరుకొన్నవాడు తనకంటె చిన్నభాషకు ముందుగా గౌరవం ఇవ్వవలెనన్న ధర్మాన్ని వారు ఆచరించి చూపారు. కొండమీద చిన్నభాషకు చేయూతనిచ్చిన చేతులే మైదానంలో పెద్దభాషకు ప్రాణంపోశాయి. కడపట తమ ఊరిలోనే తమ భాష అల్పసంఖ్యాకమైనప్పుడు, సవర పడిన కష్టమేమిటో తెలుగువారికి తెలిసే అవకాశం కలిగింది. ఏ ఊరి గ్రంథాలయానికైనా తెలుగుపుస్తకాల నడుమ ఒక సవరవాచకాన్ని ఉంచడం అసాధ్యం కాదు. ఆ ఒక్క పుస్తకాన్ని తీసి చదివే పిల్లవాడు కొండదిగి ఎప్పుడు వచ్చినా, అతనికొరకు కుర్చీ ఒకటి ఖాళీగా ఉండవలె. రామమూర్తి పంతులుగారికి అంతకుమించిన స్మారకం అవసరం లేదు.